రక్తం కావాలన్న ఆ మెసేజ్ మూడేళ్ళు తిరిగింది

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూలు నుంచి రాగానే ఫోన్ పట్టుకుంటాడు. రాత్రి పన్నెండు దాటినా రీల్స్ ఆపడు. మామగారేమో వాట్సాప్‌లో ఏది వస్తే అది నిజమనుకుంటారు, వచ్చిందల్లా బంధువులందరికీ పంపుతారు. అసలు సోషల్ మీడియా వల్ల సమాజానికి మంచి ఎక్కువా, చెడు ఎక్కువా? ఇంట్లో అందరి ఫోన్లలోంచి తీసేయిస్తే సరిపోతుందా?"

అమ్మా, నేను సైకాలజిస్టుని కాదు. హైదరాబాద్‌లో ఒక బ్లడ్ బ్యాంకులో 26 ఏళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. 2014 నుంచి రక్తదాతల వాట్సాప్ గ్రూపులు చూసుకుంటున్నాను. ఇప్పటికీ రోజులో సగం అదే పని. ఫోన్‌లో వచ్చిన ఒక మాట మనిషిని ఎలా నిలబెడుతుందో, అదే మాట ఎలా కూలదోస్తుందో ఈ పనిలో దగ్గర్నుంచి చూశాను. చూసినదాన్నిబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక మాట ఎవరిది, ఎప్పటిది, ఎవరి కోసం అన్నది తెలిసినంతసేపూ సోషల్ మీడియా మేలే చేస్తుంది. ఆ మూడూ ఊడిపోయాక, పంపేవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, అది జనాన్ని పీడిస్తుంది.

ముందు ఫోన్లు లేని రోజుల సంగతి చెప్పాలి, లేకపోతే ఇప్పుడున్న మేలు విలువ అర్థం కాదు. నేను ఉద్యోగంలో చేరింది 1996లో. అప్పట్లో డబ్బుకు రక్తం అమ్ముకునేవాళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ళు. తిండి లేక, తాగుడికి అలవాటుపడి, నెలకు రెండు మూడుసార్లు రక్తం ఇచ్చేవాళ్ళు. సుప్రీంకోర్టు ఆ ఏడాదే ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బిచ్చి రక్తం తీసుకోవడం దేశమంతటా నిషేధమైంది. చాలా మంచి పని జరిగింది. కానీ దాతను వెతుక్కునే భారం రోగి ఇంటివాళ్ళ మీద పడింది. వరంగల్ నుంచో నల్గొండ నుంచో వచ్చినవాళ్ళకు ఈ మహానగరంలో తెలిసినవాళ్ళు ఎవరుంటారు? మా దగ్గర ఒక పాత రిజిస్టర్ ఉండేది. అందులో దాతల పేర్లు, బ్లడ్ గ్రూపు, పక్కన పీపీ నంబర్లు. ఫోన్ చేస్తే పక్కింటివాళ్ళు ఎత్తేవాళ్ళు, "పిలుస్తా ఉండండి" అని వెళ్ళి పది నిమిషాలకు వచ్చి "ఊళ్ళో లేడంట" అనేవాళ్ళు. రాత్రిపూట అవసరమైతే నేను, ఇంకో కుర్రాడు స్కూటర్ మీద ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్ళకు వెళ్ళి వరండాలో నిలబడి గట్టిగా అరిచేవాళ్ళం: "బీ నెగెటివ్ ఎవరన్నా ఉన్నారా?" పిల్లలు పుస్తకాలు మూసి లేచి వచ్చేవాళ్ళు. ఆ కుర్రాళ్ళను నేను మర్చిపోలేను. అయినా ఎన్నిసార్లు ఆలస్యమైందో కూడా మర్చిపోలేను.

డెంగీ సీజన్లో కష్టం ఇంకా ఎక్కువ. ప్లేట్‌లెట్లను దాచిపెట్టుకోవడం కుదరదు. ఎర్రకణాలను ఫ్రిజ్‌లో నెలకు పైగా ఉంచొచ్చు. ప్లేట్‌లెట్లకు ఆయుష్షు ఐదు రోజులే. అదీ 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెషీన్ మీద నిరంతరం ఊపుతూ ఉంచితే. అంటే ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఏ రోజుకు ఆ రోజు మనుషులు కావాలి. అందులోనూ మెషీన్ మీద గంటకు పైగా పడుకుని ఇచ్చే ఒంటరి దాత ప్లేట్‌లెట్లు, మేం ఎస్‌డీపీ అంటాం, వాటికైతే మంచి నరం ఉన్న మనిషి, ఓపిక ఉన్న మనిషి కావాలి. ఏ రిజిస్టర్‌తోనూ ఆ పని జరగదు. వాట్సాప్ వచ్చాక జరిగింది.

ఒక సెప్టెంబర్ రాత్రి సంగతి చెబుతాను. తొమ్మిదింబావుకు ఒక తండ్రి మా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఏడేళ్ళ పాపకు డెంగీ, ఏ నెగెటివ్, ముక్కులోంచి రక్తం వస్తోంది. ఆయన చేతిలో డాక్టర్ రాసిచ్చిన చీటీ తడిసి ముద్దయింది. బయట వాన. నేనే నా ఫోన్లో మెసేజ్ టైప్ చేశాను. పాప వయసు, గ్రూపు, ఆసుపత్రి, తండ్రి నంబరు. "అర్జెంట్, దయచేసి షేర్ చేయండి" అని ఆరు గ్రూపుల్లో పెట్టాను. 10:40 కల్లా ముగ్గురు వచ్చారు. ఒకతను ఈసీఐఎల్ నుంచి బైక్ మీద, రెయిన్‌కోటు లోపల కూడా నీళ్ళు కారుతున్నాయి. ఒకమ్మాయి మెహదీపట్నంలో డ్యూటీ దిగిన నర్సు. మూడో అతను మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ మధ్యలో మేనేజర్‌కు చెప్పి క్యాబ్‌లో వచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాక ఆ బైక్ అబ్బాయి నరం బాగుందని అతన్నే మెషీన్ మీద పడుకోబెట్టాం. తండ్రి అద్దం బయట నిలబడి, సంచిలోకి దిగుతున్న లేత పసుపు ద్రవాన్ని చూస్తూ ఉండిపోయాడు. అతని పేరేమిటో, ఏ కులమో, ఏ మతమో ఆయన అడగలేదు. బయటికి రాగానే అతని రెండు చేతులూ పట్టుకున్నాడు, మాట రాలేదు.

ప్లేట్‌లెట్లు అందాయి. పాప మాత్రం నాలుగో రోజు చనిపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళకు ఆ తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మొదట గుర్తుపట్టలేదు. ఫోన్ తీసి చూపించాడు. నేను టైప్ చేసిన అవే అక్షరాలు, కింద ఎవరో రెండు దండాలు, ఒక ఎర్ర గుండె చేర్చారు. అంతే తేడా. "సార్, గిది ఆపరాదు?" అన్నాడు. వారానికి రెండో మూడో ఫోన్లు వస్తున్నాయట. విజయవాడ నుంచి, బెంగళూరు నుంచి, ఒకసారి దుబాయ్ నుంచి. "మంచోళ్ళే సార్ అందరు. తిట్టబుద్ధి గాదు. ఒకాయన రాత్రి రెండింటికి బండి స్టార్ట్ చేసిన్నని చెప్పిండు. కానీ ప్రతిసారి చెప్పాలె సార్, పాప లేదని." నంబర్ మార్చుకోమన్నాను. ఆ నంబరు పాపకు నోటికొచ్చిన నంబరట, స్కూల్లో నేర్పించారట, మార్చలేనన్నాడు.

ఆ మెసేజ్‌లో తారీఖు వేయనిది నేను. ఎప్పటిదాకా పనికొస్తుందో రాయనిది నేను. పని అయిపోయాక "అందింది" అని పెట్టనిదీ నేనే. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ను అందరికీ కనిపించకుండా తీసేయడానికి కొంత గడువు ఉంటుంది, అదీ మనం పంపినదానికి, లేదంటే మనం అడ్మిన్‌గా ఉన్న గ్రూపులోదానికి. ఇంకొకరు ఫార్వర్డ్ చేసిన కాపీని పిలిచి వెనక్కి తెచ్చుకునే దారే లేదు. అది మన చెయ్యి దాటిపోయింది. ఆ మూడేళ్ళలో దాన్ని పంపినవాళ్ళలో ఒక్క చెడ్డమనిషి ఉన్నాడని నేననుకోను. అందరూ ఒక పాపను బతికించాలనే వేలు కదిపారు.

అందుకే మంచి, చెడు అని తూకం వెయ్యమంటే నాకు కష్టం. ఆ రాత్రి ముగ్గురిని వానలో రప్పించింది, ఆ తండ్రిని మూడేళ్ళు ఏడిపించింది, రెండూ ఒకటే మెసేజ్.

ఇదే గుణం భయానికి తోడైతే ప్రాణాలు పోతాయి. 2018 గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వీడియోలు, ఆడియోలు తెలుగు రాష్ట్రాలంతా పాకాయి. ఆ మే నెలలో మన చాంద్రాయణగుట్టలోనే ఆ అనుమానంతో మూక దాడి చేసి ఒక ట్రాన్స్‌జెండర్ ప్రాణం తీసింది. జులైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్ళిన కొందరు యువకులు అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చారని వాట్సాప్‌లో మంట లేచింది, వాళ్ళ కారును అడ్డగించి కొట్టారు. ఒకతను చనిపోయాడు. కొట్టినవాళ్ళకు అతనెవరో తెలియదు. ఆ వార్త ఎవరు మొదలుపెట్టారో, ఎప్పటిదో అడిగినవాళ్ళు లేరు.

అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్ళకు పంపి, ఇంటింటికీ తిప్పి, డప్పు కొట్టించి, జానపద పాటలు కట్టించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఒక్కో ఊరికి ఒక్కో పోలీసు బాధ్యుడు. జనం అనుమానం వస్తే అతన్ని అడిగేవాళ్ళు. ఫోన్లు లాక్కోలేదు, ఇంటర్నెట్ ఆపలేదు. అడగడానికి ఒక తెలిసిన మనిషిని నిలబెట్టారు. నాకు ఇది చాలా పెద్ద పాఠం, తర్వాత మా గ్రూపుల్లో అదే పెట్టుకున్నాం. వాట్సాప్ కూడా ఆ జులైలోనే మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, ఎన్నో చేతులు మారి వచ్చిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. మీ మామగారి ఫోన్లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అర్థం అదే. చాలామంది చేతులు దాటి వచ్చింది, మొదట రాసినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. ఆ గుర్తు ఆయనకు చూపించండి.

మేలు సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఈ రోజుల్లో చెడు మాట్లాడడం తేలికైపోయింది. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరం మునిగినప్పుడు మా కాలనీ గ్రూపు లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. ఏ గ్రౌండ్ ఫ్లోర్‌లో ముసలివాళ్ళు ఉన్నారు, ఎవరికి మర్నాడు డయాలసిస్, ఎవరింట్లో ఇన్సులిన్ ఫ్రిజ్‌తో సహా నీళ్ళలో పోయింది, అన్నీ ఆ గ్రూపులోనే తెలిశాయి. కరెంటు లేదు. ఫోన్లలో మిగిలిన ఆ కాస్త చార్జింగ్‌తోనే మేడ మీద వాళ్ళు కింది వాళ్ళను పైకి పిలిచారు. పేర్లు తెలిసినవాళ్ళు, ఇంటి నంబర్లు తెలిసినవాళ్ళు మాట్లాడుకున్నారు కాబట్టి పని జరిగింది. అదే రాత్రి ఎక్కడిదో, ఎప్పటిదో వరద వీడియో ఒకటి మా పక్క కాలనీదని వచ్చింది. అరగంట సేపు ఇద్దరు కుర్రాళ్ళు ఆ చీకట్లో, నడుంలోతు నీళ్ళలో అటు వెళ్ళి, ఎవరూ లేక తిరిగొచ్చారు.

2021 ఏప్రిల్, మే నెలలు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే భారమైనవి. ఆక్సిజన్ పడక ఎక్కడుంది, సిలిండర్ ఎవరు నింపుతున్నారు, ఇవన్నీ ట్విట్టర్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇరవై ఏళ్ళ పిల్లలు రాత్రీపగలూ కూర్చుని సరిచూసి పెట్టారు. ప్రతి నంబర్‌కూ ఫోన్ చేసి, పక్కన "మధ్యాహ్నం 3:10కి మాట్లాడాం, దొరుకుతోంది" అని రాసేవాళ్ళు. ఆ ఒక్క వాక్యం వల్ల ఎంతమంది తిరుగుడు తప్పిందో! కానీ మాకు అప్పుడు కుప్పలుతెప్పలుగా వచ్చినవి ప్లాస్మా, అంటే కోవిడ్ తగ్గినవాళ్ళ రక్తంలోని ద్రవభాగం, కావాలనే మెసేజ్‌లు. కోవిడ్‌కు ప్లాస్మా పెద్దగా ఉపయోగపడడం లేదని 2020లోనే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సొంత పరిశోధనలో తేలింది. 2021 మే 17న చికిత్స మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేశారు. ఆ తర్వాత కూడా వారాల తరబడి "ప్లాస్మా అర్జెంట్" అని వస్తూనే ఉన్నాయి. ఇంటిపెద్ద వెంటిలేటర్ మీద ఉంటే, పనికిరాని దాని కోసం కొడుకులు నగరమంతా తిరిగారు. వాళ్ళకు వచ్చిన సలహా ఎప్పటిదో వాళ్ళకు తెలియదు.

డెంగీలోనూ ఇంతే. ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గగానే బంధువుల గ్రూపులో గోల మొదలవుతుంది. ఒకరు బొప్పాయి ఆకు రసం అంటారు, ఒకరు ఫలానా వాళ్ళ అబ్బాయి ఇలాగే పోయాడంటారు. ఇంటివాళ్ళు హడలిపోయి, 60 వేలు ఉన్న మనిషికి ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్ మీద ఒత్తిడి తెస్తారు. సాధారణంగా 10 వేల కంటే తగ్గినప్పుడో, రక్తస్రావం ఉన్నప్పుడో ఎక్కిస్తారు. డెంగీలో ప్రమాదం చాలాసార్లు అంకెలో ఉండదు. జ్వరం తగ్గాక వచ్చే కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చల్లబడ్డ చేతులు, అవి చూడాలి. అంకె ఫోన్లో పంపడానికి తేలిక, అందుకే అంకె తిరుగుతుంది. చల్లబడ్డ చేతిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇంకొకటి నన్ను లోపల తొలిచేస్తుంటుంది. ఏడుస్తున్న తల్లి వీడియో పెడితే నలభై మంది దాతలు వస్తారు, కావలసింది ఇద్దరు. మిగతా 38 మందిని దండం పెట్టి పంపించేస్తాం. తలసీమియా పిల్లలు ఉంటారు, వాళ్ళకు రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. మే నెలలో కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, ఎండలకు ఎవరూ రారు. ఆ నెలలో వాళ్ళ కోసం మెసేజ్ పెడితే ఇద్దరు ముగ్గురు "ప్రే చేస్తున్నాం" అంటారు. వాళ్ళ కష్టంలో కొత్తదనం లేదు, నెల నెలా ఉండే కష్టం. కళ్ళకు కట్టినట్టు కనిపించే బాధను ఫోన్ పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, మౌనంగా సాగే బాధను కనిపించకుండా చేస్తుంది. సమాజానికి ఇది పెద్ద నష్టమని నేను గట్టిగా నమ్ముతాను. వార్తల్లోనూ ఇదే, రాజకీయాల్లోనూ ఇదే. అయినా అరుదైన అవసరం వచ్చినప్పుడు దీనంత గొప్ప సాధనం లేదు. బాంబే బ్లడ్ గ్రూప్ అని ఒకటుంది, 1952లో ముంబైలో కనుక్కున్నారు, మన దేశంలో సుమారు 10 వేల మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్ళకు 'ఓ' (O) గ్రూపు రక్తం కూడా పనికిరాదు. అలాంటి ఒక గర్భిణికి పక్క రాష్ట్రం నుంచి దాత దొరికాడంటే, అది ఆ గ్రూపువాళ్ళు ఊరూరా ఒకరినొకరు ఫోన్లలో పట్టుకుని ఉండడం వల్లే.

ఇక మీ అబ్బాయి. నాకు తెలిసింది కాలేజీ క్యాంపుల్లో చూసింది మాత్రమే, మీవాడికంటే నాలుగైదేళ్ళు పెద్దపిల్లలు. రక్తం తీసుకునే ముందు హిమోగ్లోబిన్ 12.5 ఉందా, బరువు 45 కిలోలకు తగ్గకుండా ఉందా, తిన్నారా, రాత్రి నిద్రపోయారా అని అడుగుతాం. నిద్ర లేదని వెనక్కి పంపేవాళ్ళు నా ఉద్యోగం మొదట్లో చాలా తక్కువ, పరీక్షల ముందు మాత్రమే కనిపించేవాళ్ళు. చివరి ఐదారేళ్ళలో ప్రతి క్యాంపులోనూ వాళ్ళే. ఒకబ్బాయి మొదటిసారి ఇద్దామని ఉత్సాహంగా వచ్చాడు, చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు కూడా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎన్నింటికి పడుకున్నవ్ బేటా?" అన్నాను. "మూడైంది సార్." చదువుకున్నావా అంటే తల అడ్డంగా ఊపాడు. "ఒక్కటి చూసి పడుకుందామనుకున్న సార్. ఎట్ల మూడైందో తెల్వదు." అబద్ధం చెప్పలేదు వాడు. నిజంగానే వాడికి తెలియలేదు.

పేపర్‌కు చివరి పేజీ ఉంటుంది. సీరియల్ అరగంటకు ఆగుతుంది. రీల్స్‌కు అంచు లేదు. కిందికి జరిపేకొద్దీ పేజీ అయిపోకుండా వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఎజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. అందుకు తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. దానికి తోడు మనం దేనిమీద ఎన్ని సెకన్లు ఆగామో లెక్కపెట్టుకుని, అలాంటివే ఇంకా తెచ్చి పెడుతుంది యాప్. మనం ఆగి చూస్తేనే వాళ్ళకు ప్రకటనల డబ్బు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించారు, జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చేసింది, పిల్లలు ఒక్క నెల కూడా ఖాళీగా లేరు. కాబట్టి మీవాడికి బుద్ధి లేదనో, మీ పెంపకం బాగాలేదనో అనుకోకండి. ఎంతో చదువుకున్న ఇంజినీర్లు వాడిని ఆపకుండా కూర్చోబెట్టడానికి పనిచేస్తున్నారు, అవతల ఉన్నది పద్నాలుగేళ్ళ పిల్లాడు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ ఖాతాలే లేకుండా చట్టం అమల్లోకి తెచ్చారు. మన దగ్గర 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టాలు మీ హాల్లోకి వచ్చేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకే చోట చార్జింగ్‌కు పెట్టండి. మీది, మీ ఆయనది, మామగారిది కూడా. పిల్లాడిది ఒక్కటే తీసుకుంటే అది శిక్ష అవుతుంది, రోజూ గొడవ. అలారం కోసం ఫోన్ కావాలంటాడు, ఒక గడియారం కొనివ్వండి. మా అక్క మనవడి ఇంట్లో ఇదే చేశారు. మొదటి వారం నరకం, మూడో వారానికి పిల్లాడు పదకొండింటికి నిద్రపోతున్నాడు. పగటిపూట పక్కన కూర్చుని వాడు ఏం చూస్తున్నాడో నిజమైన ఇష్టంతో చూడండి. మీరు అనుకున్నంత చెత్త కాకపోవచ్చు. వాడు నిద్ర, తిండి, స్నేహితులు అన్నీ వదిలేసి ముడుచుకుపోతున్నట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఎప్పుడైనా.

ఒక్క విషయం మాత్రం వాడికి ఇవాళే చెప్పండి. ఎవరైనా ఫోటోతోనో వీడియో కాల్‌తోనో బెదిరించి డబ్బు అడిగితే, ఏ తప్పు చేసినా సరే, ముందు నా దగ్గరికి రా, తిట్టను అని. ఇది మగపిల్లలకు కూడా జరుగుతోంది, వాళ్ళు సిగ్గుతో ఎవరికీ చెప్పరు. మామగారికీ ఇదే మాట. పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటారు, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటలో చేస్తే అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం ఎక్కువ, సాయంత్రం దాకా మథనపడితే డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది. మా రక్తం మెసేజ్‌ల మీద కూడా వీళ్ళు వాలుతున్నారు. రోగి తరఫువాళ్ళ నంబర్ చూసి ఫోన్ చేసి, "వస్తున్నా అన్నా, పెట్రోల్‌కు 500 ఫోన్‌పే చెయ్" అంటారు. ఆ స్థితిలో ఉన్న మనిషి మరో ఆలోచన లేకుండా పంపేస్తాడు. ఎవరూ రారు. డబ్బు పోతే పోయింది, వాడు వస్తున్నాడని ఇంకొకరిని వెతకడం మానేసిన ఆ రెండు గంటలు పోతాయి.

అన్నీ తీసేయిస్తే సరిపోతుందా అన్నారు. నా సలహా, తీసేయించకండి. అన్నీ ఒకటి కావు. రీల్స్‌కు అంచు గీయాలి, బంధువుల గ్రూపును బాగుచేసుకోవాలి, కాలనీ గ్రూపును కాపాడుకోవాలి. జగిత్యాలలో ఉన్న తల్లి దుబాయ్‌లో ఉన్న కొడుకు మొహం రోజూ చూడగలుగుతోంది. మా వీధిలో మగ్గం వర్క్ చేసే ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌లో బ్లౌజుల ఫోటోలు పెట్టి దళారీ లేకుండా ఆర్డర్లు తెచ్చుకుంటోంది. చెవులు వినపడని మా దాత ఒకతను వీడియో కాల్‌లో సైగలతో మాట్లాడి క్యాంపుకు తన స్నేహితులను పన్నెండు మందిని తీసుకొచ్చాడు. ఇవన్నీ వదులుకోమని నేను చెప్పలేను.

మామగారిని గ్రూపులో అందరి ముందు "ఇది ఫేక్ మామయ్యా" అనకండి. పెద్దాయన నొచ్చుకుంటారు, పట్టుదలతో ఇంకా పంపుతారు. మా గ్రూపులో డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ టీచర్ ఒకాయన ఉన్నారు. ఒకప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఫార్వర్డ్‌లు ఆయనవే. ఆయన మనసు నాకు తెలుసు, ఎవరికైనా పనికొస్తుందేమోనన్న తపన. పాప తండ్రి వచ్చి వెళ్ళాక ఆయనకు జరిగిందంతా చెప్పి, "మాస్టారూ, గ్రూపులోకి ఏ మెసేజ్ వచ్చినా ముందు మీరు ఫోన్ చేసి కనుక్కుని, మీరు సరే అన్నాకే పెడదాం" అన్నాను. ఇప్పుడు ఆయన పక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది. రోగి పేరు బదులు పొడి అక్షరాలు, గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ వార్డు, ఎవరితో మాట్లాడారు, ఎన్ని గంటలకు. మెసేజ్ చివర "ఈ రోజు రాత్రి 10 వరకే" అని తప్పకుండా రాయిస్తారు. రోగి మొహం, ఆధార్, రిపోర్టుల ఫోటోలు ఉంటే తీసేయిస్తారు. పని కాగానే "అందింది" అని పెట్టి, అసలు మెసేజ్ అందరికీ తీసేయిస్తారు. నిన్న సాయంత్రం వచ్చిన తొమ్మిది మెసేజ్‌లలో నాలుగు పాతవని ఆయనే పట్టుకున్నారు. అందులో ఒకదానికి ఫోన్ చేస్తే అవతల ఒక పిల్లాడే ఎత్తాడట, "నాకే కావాల్సి ఉండె తాతా, ఇప్పుడు మంచిగున్న" అన్నాడట. మాస్టారు ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు.

మీ మామగారికి 65 దాటి ఉంటే మేం రక్తం తీసుకోం. కానీ పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఇలా ఫోన్లు చేసి కనుక్కునేవాళ్ళు మాకు ఇద్దరే ఉన్నారు, డెంగీ రోజుల్లో వాళ్ళ వల్ల కావడం లేదు. ఆయనకు ఇష్టమేమో అడిగి చూడండి. ఒప్పుకుంటే మొదటి వారం నేనే పక్కన కూర్చుని నేర్పిస్తాను.